గడగడా చదువుతారు, కథేమిటంటే చెప్పలేరు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. ఇంగ్లీష్ పైకి చదవడం వస్తోంది, చదివింది మాత్రం బుర్రకెక్కడం లేదు. కథలు చదివిస్తే ఈ లోటు తీరుతుందా అని అడిగారు. తీరుతుంది. అయితే పుస్తకం చేతిలో పెట్టి ఊరుకుంటే తీరదు. కథ ఎంత కష్టంగా ఉంది, ఎన్నిసార్లు చదివారు, చదివాక ఏం అడిగారు అన్న మూడింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మా అమ్మాయి ఏడో తరగతి. ఇంగ్లీష్ పాఠం ఎక్కడా తడబడకుండా చదువుతుంది. "ఏముందమ్మా అందులో?" అంటే నోరు మెదపదు. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేర్చమంటారా?
– ఒక తల్లి, మధురవాడ

చేర్చే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. చదివి అర్థం చేసుకోవడంలో రెండు పనులున్నాయి. అక్షరాలు చూసి మాట పలకడం ఒకటి, ఆ మాటల్ని చెవితో వింటే అర్థం కావడం రెండోది. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని గుణకారంగా చెప్పారు. కూడిక అయితే ఒకటి తగ్గినా రెండోదానితో సర్దుకోవచ్చు. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. మీ అమ్మాయికి మొదటిది బాగా వచ్చు. చూడాల్సింది రెండోదాన్ని.

తను ఇదివరకు చూడని చిన్న కథ, 200 మాటలకు మించనిది, తీసుకోండి. దాన్ని ఇంగ్లీష్ వచ్చినవాళ్లెవరైనా నిదానంగా రెండుసార్లు చదివి వినిపించాలి. అమ్మాయి పుస్తకం చూడకూడదు. తర్వాత కథ తెలుగులో చెప్పమనండి. విన్నా చెప్పలేకపోతే, ఆ కథలో మాటలు, వాక్యాలు తన స్థాయిని మించి ఉన్నాయని అర్థం. వింటే చెప్పగలిగి, తానే చదువుకున్నప్పుడు చెప్పలేకపోతే దృష్టంతా ఉచ్చారణ మీదే ఖర్చయిపోతోందని. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

మొదటి రకమైతే పుస్తకం మార్చాలి. మార్సెల్లా హు, పాల్ నేషన్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్లకు ఒకే కథను తెలియని మాటల పాళ్లు మార్చి ఇచ్చారు. ఐదింట ఒక మాట తెలియనప్పుడు ఒక్కరికీ సరిగ్గా అర్థం కాలేదు. ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసుండాలని వాళ్లు తేల్చారు. మీరు ఇంట్లో చేయాల్సింది తేలికే. పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి 100 మాటలు లెక్కపెట్టండి. అర్థం తెలియని మాటలు రెండు లోపుంటే ఒంటరిగా చదవనివ్వండి. మూడు నుంచి ఐదు ఉంటే పక్కన ఎవరైనా కూర్చోవాలి. పది దాటితే ఆ పుస్తకం ఇప్పటికి బీరువాలో పెట్టేయండి. ఏడో తరగతి పిల్ల నాలుగో తరగతి పిల్లల కథ చదివితే నామోషీ అనుకోకండి. తెలిసిన మాటల మధ్య చదివినప్పుడే తెలియని ఆ రెండు మాటల అర్థం సందర్భం నుంచి దొరుకుతుంది.

రెండో రకమైతే పుస్తకం అదే ఉంచి, పైకి చదవడం ఆపించండి. మనసులో చదువుకోవాలి. పేజీ అయ్యాక పుస్తకం మూసి, ఆ పేజీలో జరిగింది ఒక్క వాక్యంలో, తెలుగులోనే, చెప్పాలి. చెప్పలేకపోతే కోప్పడకుండా అదే పేజీ మళ్లీ. రోజుకి 20 నిమిషాలు చాలు. కథ మొత్తం అయ్యాక నాలుగు ప్రశ్నలు: ఎవరి కథ ఇది? వాళ్లకేం కావాలి? అడ్డం ఏమొచ్చింది? చివరికి ఎలా తేలింది? వీటిని అడగడానికి మీకు ఇంగ్లీష్ రానక్కర్లేదు.

ఇళ్లలో ఇది దెబ్బతినేది రెండు చోట్ల. చదువుతుంటే మధ్యలో ఉచ్చారణ దిద్దడం మొదటిది. ఒక్కసారి దిద్దితే పిల్ల ధ్యాస మళ్లీ నాలుక మీదికి పోతుంది. రెండోది, కథ అయిన వెంటనే "నీతి ఏమిటి?" అని అడగడం. "నిజాయితీగా ఉండాలి" అనేస్తే చాలా కథలకు సరిపోతుంది. కథ చదవకుండానే చెప్పగలిగే జవాబు వల్ల మీకేమీ తెలియదు.

స్పోకెన్ ఇంగ్లీష్ మంచిదే కానీ ఈ జబ్బుకి మందు కాదు.

నేను తొమ్మిదో తరగతికి ఇంగ్లీష్ చెబుతాను, 42 మంది. కథ వివరించి, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాస్తాను. చెప్పిన పాఠం మీద బాగానే రాస్తారు. చూడని పేరా ఇస్తే చేతులెత్తేస్తారు. పీరియడ్ 45 నిమిషాలు. ఏం మార్చుకోవాలి?
– ఒక ఉపాధ్యాయిని, భీమునిపట్నం మండలం

టీచర్ గారూ, ముందు రెండు ఆపండి. బోర్డు మీద జవాబులు ఒకటి, పిల్లలు వరసగా లేచి తలా ఒక పేరా చదవడం రెండోది. వరస చదువులో ప్రతి పిల్లాడూ తన పేరా ఏదో లెక్కపెట్టుకుని దాన్నే లోలోపల వల్లె వేసుకుంటాడు. తన వంతు రాకముందు వినడు, అయ్యాక అసలే వినడు.

జవాబుల సంగతికొస్తే ఈ వాక్యం చూడండి: "గిబ్బులు చెరువు గట్టున టొంకాయి." గిబ్బులు ఎక్కడ టొంకాయి? చెరువు గట్టున. మార్కు వచ్చింది, అర్థం మాత్రం లేదు. ప్రశ్నలో మాటని పాఠంలో వెతికి ఆ వాక్యం ఎత్తిరాయడం మన పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య. చూడని పేరాలో వాక్యం నేరుగా దొరకదు, అక్కడే ఆగిపోతారు. కాబట్టి ఎత్తిరాయడానికి వీల్లేని ప్రశ్నలు అడగాలి.

కథలో ఇలా ఉందనుకుందాం. అప్పన్న సముద్రం నుంచి ఇంటికొచ్చాడు. తల్లి వల వైపు చూసింది, ఏమీ అడగలేదు. పొయ్యి మీద పెట్టబోయిన గిన్నెని తిరిగి అటక మీద పెట్టేసింది. "తల్లి గిన్నె ఎక్కడ పెట్టింది?" అన్నది లైనులోనే ఉన్న ప్రశ్న. "ఆ రోజు వేట ఎలా సాగింది? నీకెలా తెలిసింది?" అన్నది లైన్ల మధ్య ప్రశ్న. చేపలు పడలేదని కథలో ఎక్కడా రాయలేదు. వల, మౌనం, గిన్నె ఈ మూడూ కలిపితేనే తెలుస్తుంది. "తల్లి ఎందుకు అడగలేదంటావు?" అన్నది ఇంకా లోతుకి వెళ్తుంది. సమాచార పాఠం కన్నా కథ ఈ పనికి ఎక్కువ పనికొచ్చేది అందుకే. మంచి రచయిత చెప్పకుండా వదిలేసిన చోటులుంటాయి, వాటిని నింపడమే అర్థం చేసుకోవడం. ప్రతి భాగానికీ మొదటి రకం ఒక ప్రశ్న, రెండో రకం రెండు, మూడో రకం ఒకటి చొప్పున ముందే రాసి పెట్టుకోండి.

ఇక వారం ప్రణాళిక. సుమారు 1,200 మాటల కథని నాలుగు భాగాలు చేస్తే రోజుకి 300 మాటలు. ప్రతి ఐదో లైను పక్కన పెన్సిల్‌తో నంబరు వేయించండి. పీరియడ్‌లో మొదటి ఆరు నిమిషాలు మాటలకి. ఆరు మాటలు మించొద్దు. సందర్భాన్ని బట్టి ఊహించలేనివి, కథ వాటి మీద నిలబడేవి మాత్రమే. కథ సారాంశం ముందే చెప్పేస్తే పిల్లలకు ఇక చదవాల్సిన పని మిగలదు. తర్వాత ఎనిమిది నిమిషాలు మీరు చదవండి, వాళ్లు కళ్లతో అనుసరిస్తారు. ఒకటి రెండు చోట్ల ఆగి "ఇప్పుడేమవుతుంది?" అని అడగండి. ఆ పైన పది నిమిషాలు మౌనంగా చదువుకోవడం. ఇది గడియారం చూసి ఇవ్వండి, ముందే కోసేయకండి. పదిహేను నిమిషాలు గుంపుల్లో పని. చివరి ఆరు నిమిషాలు తరగతంతా కలిసి.

గుంపులకి నలుగురు సరైన లెక్క. మీ 42 మందిలో నలుగురేసి తొమ్మిది గుంపులు, ముగ్గురేసి రెండు. 1984లో ఆన్‌మరీ పాలిన్‌సర్, ఆన్ బ్రౌన్ ప్రచురించిన పద్ధతిలో నాలుగు పనులుంటాయి. ఒకరు ప్రశ్న వేస్తారు, ఒకరు అర్థం కాని చోటు తేలుస్తారు, ఒకరు క్లుప్తంగా చెబుతారు, ఒకరు ముందేమవుతుందో ఊహిస్తారు. నాలుగు భాగాలు, నాలుగు పనులు కాబట్టి రోజుకొకటి మారిస్తే వారంలో ప్రతి ఒక్కరూ అన్నీ చేస్తారు. ముగ్గురున్న చోట తేల్చే పని అందరిదీ.

మొదట్లో ఇది గందరగోళంగానే ఉంటుంది. క్లుప్తంగా చెప్పాల్సిన పిల్ల కథంతా చెప్పేస్తుంది, మూడు వాక్యాలని హద్దు పెట్టండి. ప్రశ్న వేసేవాడు "ఈ మాటకి అర్థమేంటి" దగ్గరే ఆగిపోతాడు. "ఎందుకు", "నీకెలా తెలుసు" అని మొదలయ్యే నాలుగు ప్రశ్నలు చీటీ మీద రాసివ్వండి. ఊహించేవాడు నోటికొచ్చింది అంటాడు, కథలోంచి ఒక ఆధారం చూపించాలనండి. చురుకైన పిల్ల అందరి పనీ తానే చేసేస్తుంది. అందుకే రోజూ పనులు మార్చడం తప్పనిసరి. మొదటి వారం మీరే ఒక గుంపుతో తరగతి ముందు చేసి చూపండి.

మాట్లాడుకోవడం తెలుగులో కానివ్వండి. రాత మాత్రం ఇంగ్లీష్‌లో, రోజుకి రెండు వాక్యాలు చాలు: "ఐ థింక్ ... బికాజ్ లైన్ ఫలానా సేస్ ..." అన్న చట్రంలో. లైను నంబరు లేని జవాబుని ఒప్పుకోవద్దు. ఐదో రోజు కొత్త పేరా, 150 మాటలది, ఇవ్వండి. ఈసారి గుంపులుండవు, నాలుగు పనులూ ఒక్కరే కాగితం మీద చేయాలి. చూడని పేరాకి అసలు సాధన ఇదే.

కథ తరగతి స్థాయికి తగిందో కాదో ముందే తెలుసుకోవాలంటే విల్సన్ టేలర్ 1953లో తెచ్చిన క్లోజ్ పరీక్ష పెట్టవచ్చు. 250 మాటల భాగం తీసుకుని, మొదటి వాక్యం, చివరి వాక్యం వదిలేసి, మధ్యలో ప్రతి ఐదో మాటా ఖాళీ చేయండి. ఎన్ని ఖాళీలొస్తే వాటిలో సగానికి దగ్గరగా నింపగలిగితే మీ సాయంతో చదవగలరు. మూడోవంతు కూడా నింపలేకపోతే వేరే కథ చూడండి. అర్థానికి సరిపోయే వేరే మాట రాసినా మార్కు వేయండి.

డిగ్రీ రెండో సంవత్సరం. బ్యాంకు పరీక్షల కోసం ఇంగ్లీష్ పేపర్ సంపాదకీయాలు చదువుతున్నాను. వాక్యంలో ప్రతి మాటా తెలుసు, వాక్యం మాత్రం అర్థం కాదు. ప్రతి మాటకీ డిక్షనరీ చూస్తూ పోతే పేజీకి గంట పడుతోంది. కథలు చదవమంటారా?
– ఒక విద్యార్థి, గాజువాక

చదవండి, సంపాదకీయం మానకుండానే. మాటలు తెలిసీ వాక్యం తెలియకపోవడానికి కారణం వాక్యం కట్టుబడి. మన భాషలో వర్ణన ముందొచ్చి మనిషి తర్వాత వస్తాడు: నిన్న సంతలో మేకను కొన్న ముసలాయన. ఇంగ్లీష్‌లో ముసలాయన ముందొస్తాడు, "హూ" పట్టుకుని సంత, మేక తోకలా వెనక వస్తాయి, ఆ తర్వాతెప్పుడో అసలు క్రియ. తోక పొడవైతే అసలు క్రియ ఎవరిదో తప్పిపోతుంది. "హూ", "విచ్", "దట్" దగ్గర మొదలై తోక ముగిసేదాకా పెన్సిల్‌తో చుట్టేసి, అది లేకుండా వాక్యం చదవండి. తర్వాత తోక కలపండి.

ఇంకొన్ని చోట్లు కూడా కాలు జారుస్తాయి. కథ నడుస్తుండగా "హ్యాడ్" కనిపిస్తే జరిగింది ఇప్పటిది కాదు, అంతకు ముందుది. మార్జిన్‌లో వెనక్కి బాణం గీయండి. ఇద్దరు మగవాళ్లున్న పేరాలో "హి" వస్తే అది ఎవరో పేరు పైన రాసుకోండి. సంభాషణల్లో ఎవరన్నారో రాయకుండా పోతుంటారు, ఒకరి మాట తర్వాత ఒకరిది అని గుర్తు పెట్టుకోండి. "హార్డ్‌లీ స్లెప్ట్" అంటే గాఢంగా నిద్రపోయాడని కాదు, దాదాపు నిద్రే పోలేదని. "పుట్ అప్ విత్" (భరించడం) లాంటివి మూడు మాటలు కలిసి ఒకే మాట. డిక్షనరీలో "పుట్" మాత్రమే చూస్తే అర్థం తలకిందులవుతుంది.

డిక్షనరీ మొదటిసారి చదివేటప్పుడు ముట్టుకోవద్దు. తెలియని మాట కింద గీత గీసి సాగిపోండి. రెండోసారి చదివేటప్పుడు, మళ్లీ మళ్లీ వచ్చినవి, కథ మలుపు వాటి మీదే ఉన్నవి, పేజీకి ఐదు లోపే చూడండి.

పుస్తకాలకి, నేర్చుకునేవాళ్ల కోసం మాటల సంఖ్యకి హద్దు పెట్టి రాసిన గ్రేడెడ్ రీడర్లు దొరుకుతాయి. వాటిలో ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ అనే వరసలో మొదటి స్థాయి 400 మూల పదాలతో, మూడోది 1,000తో, ఆరోది 2,500తో ఉంటుంది. మీరు మూడు నుంచి మొదలుపెట్టి, హాయిగా సాగుతుంటే పైకి వెళ్లండి. దీంతోపాటు తెలుగులో మీకు బాగా తెలిసిన కథ ఇంగ్లీష్ అనువాదం చదవడం మంచి సాధన. 1910లో వచ్చిన గురజాడ "దిద్దుబాటు" చిన్నది, సంభాషణలెక్కువ. చెప్పకుండా వదిలింది ఎంతో మీకు తెలుగులో ముందే తెలుసు కాబట్టి, ఇంగ్లీష్‌లో దాన్ని ఎలా వదిలారో పట్టుకోగలుగుతారు. పరీక్ష రెండు నెలల్లోకి వచ్చాక మాత్రం సగం సమయం సంపాదకీయాలకివ్వండి. వాదన ఎలా నడుస్తుందో కథ నేర్పదు.

మనవలకి ఇంగ్లీష్ కథ చదివి తెలుగులో చెబుతుంటాను. స్కూల్లో మాత్రం ఇంట్లో తెలుగు వాడొద్దన్నారట. నేను చేసేది తప్పా?
– ఒక తాతగారు, ఎం.వి.పి. కాలనీ

తప్పు కాదండీ. తెలుగు మానకండి, పద్ధతి కొంచెం మార్చండి. లైనుకి లైను తెలుగు చెబితే పిల్లలు ఇంగ్లీష్ లైను వదిలేసి మీ తెలుగు కోసం ఎదురుచూస్తారు. తెలుగు ముందూ వెనకా ఉండాలి, మధ్యలో ఇంగ్లీషే ఉండాలి. బొమ్మ చూపించి "ఇదేం కథ అయ్యుంటుంది?" అని తెలుగులో మాట్లాడండి. కథ ఇంగ్లీష్‌లో ఆపకుండా చదవండి. మళ్లీ తెలుగులో కబుర్లు. తెనాలి రామకృష్ణుడు, పంచతంత్రం లాంటి వాళ్లకి తెలిసిన కథలతో మొదలుపెడితే వాళ్ల బుర్ర కథ వెతుక్కోకుండా భాష మీద నిలుస్తుంది.

తెలిసిన విషయానికి ఎంత బలం ఉందో 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ చూపించారు. బేస్‌బాల్ మీద ఒక భాగం చదివించారు. చదువులో వెనకబడి ఆట తెలిసిన పిల్లలు, చదువులో ముందుండి ఆట తెలియని పిల్లల కన్నా బాగా అర్థం చేసుకున్నారు. తాతగారు తెలుగులో చెప్పే లోకజ్ఞానం ఇంగ్లీష్ పేజీ మీద కూడా పనిచేస్తుంది. ప్రభుత్వ బడి పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీష్ పక్కపక్క పేజీల్లో ఉన్నవి దొరికితే ముందు ఇంగ్లీష్ పేజీ చదివించి, అనుమానం వచ్చిన చోట మాత్రమే తెలుగు వైపు చూడనివ్వండి.

సినిమా చూసి తర్వాత ఆ కథ పుస్తకం చదివితే?
– ఒక పాఠకుడు, పెందుర్తి

మొదటి పది నిమిషాలు చూసి ఆపేయండి. మనుషులు, చోటు తెలుస్తాయి, ముగింపు తెలియదు. అప్పుడు పుస్తకం తెరిస్తే చదవాలనిపిస్తుంది. మొత్తం చూసేస్తే పిల్లలు గుర్తున్న సినిమా చెబుతారు, చదివింది కాదు.

మా వీధిలో పిల్లల కోసం చిన్న లైబ్రరీ పెడుతున్నాం. పెద్దగా డబ్బు లేదు. ఇంగ్లీష్ పుస్తకాలు ఎలాంటివి పెట్టాలి?
– యువకుల బృందం, కంచరపాలెం

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్ నుంచి కథలు ఉచితంగా దించుకుని, రచయిత, చిత్రకారుల పేర్లు అలాగే ఉంచి అచ్చు వేసుకోవచ్చు. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ ఉంటాయి. నాలుగు స్థాయిలుగా విడదీశారు. ఒకటో స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, నాలుగోది ఆపైన. తరగతిని బట్టి కాకుండా ముందు చెప్పిన 100 మాటల లెక్కతో పిల్లలకి పుస్తకం ఇవ్వండి. ఒకటి, రెండు స్థాయిల పుస్తకాలు మీరనుకున్న దానికి రెట్టింపు పెట్టండి, అవే ఎక్కువ తిరుగుతాయి. ఒక్కో కథకి రెండు ప్రతులుంటే స్నేహితులిద్దరు కలిసి చదువుతారు.

సముద్రం, కొండలు, వర్షం, రైళ్లు, సంత ఉన్న కథలు ముందు కొనండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో పడవలు ఒడ్డునే ఎందుకుంటాయో హార్బర్ దగ్గరి పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి కథలో భాష ఒక్కటే కొత్త. మంచు, పొయ్యి గొట్టాలు, క్రిస్మస్ చెట్లున్న కథలు తర్వాత తెండి. ఘన సాహిత్యాన్ని కుదించిన పాత పుస్తకాలు ఎవరైనా దానమిస్తే జాగ్రత్త. కుదించడమంటే చాలాసార్లు సంభాషణలు తీసేసి సారాంశం మిగల్చడమే. లైన్ల మధ్య చదవడానికి అక్కడేమీ ఉండదు.

రిజిస్టరులో పుస్తకం పేరు, తేదీతో పాటు ఇంకో గడి పెట్టండి. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు కథలో తనకి అర్థం కాని ఒక చోటు, పేజీ నంబరుతో, పిల్లలు రాయాలి. ఒకే పేజీ ముగ్గురు రాస్తే ఆదివారం అందరినీ కూర్చోబెట్టి ఆ పేజీ చదవండి.